పెద్దల్లుడు నోరు మూయించిన కార్డు

"నా గొప్ప చెప్పుకోవడం కాదు గానీ బావమరిదీ, మీ అమ్మ ఇవాళ లోపల హాయిగా నిద్రపోతోందంటే అది డాక్టర్ల చలవ కాదు. నేను ఒక్క కార్డు నోరు మూయించాను, అంతే."

జల్లు పడని మూలకు కుర్చీ జరుపుకున్నాడు పెద్దల్లుడు. ఆసుపత్రిలో కంప్యూటర్లు బాగుచేసే ఉద్యోగం అతనిది. వసారాలో ఎదురుగా బావమరిది, పక్కింటి టైలరు కూర్చున్నారు.

"కార్డుకి నోరేంటి బావా?"

"చెప్తున్నాగా. కంప్యూటర్లో కెర్నెల్ అని ఒకడుంటాడు, పెత్తనమంతా వాడిదే. కీబోర్డైనా, డిస్కైనా, గుండె కొలిచే యంత్రమైనా, పని పడితే 'అయ్యా, ఇటు చూడు' అని పిలవాలి. దాన్నే ఇంటరప్ట్ అంటాం. చేతిలో పని ఆపి ముందు ఎవరి మాట వినాలో, ఎవర్ని ఆగమనాలో వాడే చూసుకుంటాడు. మీ అమ్మ ఆసుపత్రిలో ఉన్న ఆ రోజు, బయటి వైరు తగిలించే నెట్‌వర్క్ కార్డొకటి పాడై, ఊపిరి తీసుకోకుండా పిలుస్తూనే ఉంది. కెర్నెల్‌కి దాని గోలతోనే సరిపోయింది. మీ అమ్మ గుండె గీత తెరమీద బిగుసుకుపోయింది. నర్సమ్మ నన్ను కేకేసింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"కార్డు పీకేశారా?" అన్నాడు టైలరు.

"పీకడమా! కీబోర్డు కొడితే వినే తీరిక కూడా లేదు వాడికి. డబ్బా మీద గోటితో టకటకా కొట్టి, 'ఆ కార్డు మాట వినకురా' అన్నాను. నా గోటి చప్పుడు పోల్చుకున్నాడయ్యా! దాని నోరు మూసేశాడు గానీ, పాపం, అప్పటికే అలిసిపోయాడు. 'కాసేపు కూర్చో నాయనా' అని వాడి పని నేనే అందుకున్నాను. డిస్కు పిలిస్తే 'ఊఁ', ప్రింటరు పిలిస్తే 'ఆగు', మౌసు కదిలితే 'సరే'. ఈ సంగతి ఎలా పాకిందో, లిఫ్టు నన్నడక్కుండా తలుపు తీస్తే ఒట్టు. వీధిలో ట్రాఫిక్ లైటు పచ్చబడాలన్నా కిటికీలోంచి నా వంక చూడ్డమే!"

"అబ్బో!"

"అబ్బో ఏంటి, మబ్బొచ్చి 'ఉరమమంటారా' అనడిగింది. రోగులు పడుకున్నారు, తర్వాత రా పొమ్మన్నాను. చివరికి వార్డులో గుండెలన్నీ నేను తలూపితేనే కొట్టుకున్నాయి. ముందు మీ అమ్మ గుండెకే సైగ చేశాను, ఎంతైనా అత్తగారు కదా!"

టైలరు తెరిచిన నోరు మూయలేదు. ఇంతలో తలుపు కిర్రుమంది. దుప్పటి కప్పుకుని అత్తగారు గడపలో నిలబడి ఉంది.

"ఆ సైగ నేను చూళ్ళేదు అల్లుడుగారూ" అందావిడ. "మీరు పరుగున వచ్చి వైరు తట్టుకుని బోర్లా పడ్డం చూశాను. ఆ వైరు కార్డులోంచి ఊడొచ్చింది, తెరమీద గీత కదిలింది. మీరు మాత్రం కదల్లేదు. నర్సమ్మ కంగారు పడుతుంటే, మంచం మీంచి లేచొచ్చి మీ మొహాన నీళ్ళు కొట్టింది నేనే."