చేతి మీద ముద్ర

కరీంనగర్ నుంచి హుస్నాబాద్ పోయే బస్సులో నా ముందు సీటులో తండ్రీ కూతుళ్లు కూర్చున్నారు. ఆమె ఒడిలో తను రాసిన నవల కాగితాలున్నాయి.

"పుస్తకం అచ్చేసేటాయన ఏమన్నడు బిడ్డా?"

"ఊరికి రోగం దుబాయి నుంచి వచ్చినోడే తెచ్చిండని రాస్తే మస్తు అమ్ముడుపోతదన్నడు బాపూ. నేను రాయనని వాపస్ తెచ్చుకున్న."

"రాస్తే ఏమాయె? కథనే గదా."

"కథనే. కానీ రేపు ఇంకో రోగమొస్తే జనం కథల చదివిందే నమ్ముతరు. ముందుగాల దుబాయోళ్ల ఇండ్ల మీదికే పోతరు. కరోనప్పుడు నువ్వు దుబాయి నుంచి వస్తే, నీ చేతి మీద ఎయిర్‌పోర్టోళ్లు కొట్టిన ముద్ర చూసి, మన ఇంటికి పాలు గూడ పొయ్యలే."

"నాకు రోగమే లేకుండె. అయినా పద్నాలుగు దినాలు పొలం బాయికాడి కొట్టంల ఒక్కణ్నే ఉన్న."

"గదే రాసిన బాపూ. నా కథల దుబాయోడు ఎవ్వలు చెప్పకముందే బాయికాడికి పోతడు. ఆయనను చూసే ఊరంత దూరముండుడు నేర్చుకుంటది."

ఆయన ఆ కాగితాలు తన ఒడిలోకి తీసుకున్నాడు.

"ఆయన పేరేం పెట్టినవ్?"

"నీ పేరైతే పెట్టలే. ఫికర్ చెయ్యకు."

"ఎందుకు పెట్టలే? నా పేరే పెట్టు బిడ్డా. ఇంటిపేరుతోని పెట్టు."