రెండు దేశాలు పంచుకున్న నాలుక

రేపల్లె స్టేషన్ ఎదురుగా నరసింహం టీకొట్టు బల్ల మీద జ్ఞానానందం కూర్చున్నాడంటే, ఆ పూట రైలు ఆలస్యమైనా ఎవరూ విసుక్కోరు. కోతలు కొయ్యడానికి అతనికి కొడవలి అక్కర్లేదని ఊరంతా అంటుంది. కానీ రెండేళ్ళుగా ఆ నవ్వుల్లో పస తగ్గింది. వినేవాళ్ళలో సగంమంది ఊరి చివర ఉప్పునేలల పరిశోధన స్కీములో కూలి చేసినవాళ్ళే, ఇప్పుడు పనిలేక కూర్చున్నవాళ్ళే.

మన దేశం సగం, డెన్మార్కు సగం డబ్బు పెట్టి మొదలెట్టిన స్కీమది. చౌడు పొలాల అడుగున చిల్లుల గొట్టాలు పరిస్తే, వానకి కరిగిన ఉప్పు వాటిలోకి దిగి కాలవకి పోతుందని లెక్క. గడువు తీరేసరికి ఫలితం కనబడలేదని అవతలివాళ్ళు డబ్బు ఆపేశారు. వాళ్ళు ఆపారు గదా అని మనవాళ్ళూ ఆపేశారు. దొరలు విమానమెక్కారు. వాళ్ళ దగ్గర మట్టి పొట్లాలు కట్టిన జ్ఞానానందం ఈ బల్లెక్కాడు.

ఆ రోజు తొలకరి మబ్బు పట్టి ఉంది. పందిరి రాట పక్కన కాంతమ్మ నిలబడింది. ఆమె చీర కొంగుకి రెండు చివర్లా రెండు ముడులున్నాయి. స్కీమువాళ్ళు గొట్టాలు పరిచి వదిలేసిన పొలాల్లో ఆమె ఎకరం ఒకటి.

"అసలా ఒప్పందం ఎట్టా కుదిరిందనుకున్నారు?" అని మొదలెట్టాడు జ్ఞానానందం. "స్కీము ఇంకా పుట్టలేదు. ఊరికే నేల చూసిపోదామని దొర వచ్చాడు. ఆయన ఉప్పు కొలిచే మీటరు చెడిపోయింది. నేను చిటికెడు మట్టి నాలికమీద వేసుకుని, ఉప్పెంతో చెప్పా. మర్నాడు మీటరు బాగుచేసి చూస్తే నేను చెప్పిందే! దొర మీటర్ని చూశాడు, నన్ను చూశాడు, మీటర్ని పెట్టెలో పెట్టి తాళమేశాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"తాళంచెవి మింగేశావా?" అన్నాడు లాజరు. అతనూ స్కీములో గొట్టాలు మోసినవాడే. జ్ఞానానందాన్ని బావా అని పిలుస్తాడు.

"నవ్వుతావేంట్రా! ఢిల్లీలో సంతకాలు. ఇటు మన మంత్రి, అటు వాళ్ళ మంత్రి. కలాల మూతలు తీశారు. అప్పుడు వాళ్ళాయన, ఏ నమ్మకం మీద పెట్టాలయ్యా ఇంత డబ్బు, అన్నాడంట. అంతే, నాకోసం విమానం పంపారు. కొలకలూరు చేలో దిగింది. ఆ గాలికి మినపచేను మొత్తం సాష్టాంగపడింది."

"చేలో విమానం దిగిందా బాబాయ్?" అన్నాడు నరసింహం, టీ ఎత్తిపోస్తూ.

"దింపాలి మరి, తెనాల్లో ఖాళీ ఏదీ? ఢిల్లీలో వెండి పళ్ళెంలో మట్టి పెట్టారు. నాకుతూనే చెప్పేశా. ఇది మీ మంత్రిగారి పెరట్లో మట్టండీ, మొన్న వాళ్ళావిడ దీనిమీద కూచుని ఏడ్చింది, రెండు చుక్కలు పడ్డాయి, అని. ఆ మంత్రి మొహం అటు తిప్పుకుని, కళ్ళు తుడుచుకుని, గబగబా సంతకం పెట్టేశాడు. అక్కణ్ణించి ఓడెక్కించి వాళ్ళ సముద్రం దగ్గరికి తీసుకుపోయారు. ఒడ్డున నిలబడి నేనిట్టా నాలిక చాపితే చాలు, సముద్రం భయపడి వెనక్కి పోయింది. చేపలు ఇసకలో గిలగిలా కొట్టుకుంటుంటే పాపమనిపించి నోరు మూసుకున్నా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా నాలిక్కే ఒప్పందం రాసుకున్నారు! ఎడమ సగం మనది, కుడి సగం వాళ్ళది. అందుకే నేను కుడివైపు నమలను. వాళ్ళ పర్మిషన్ కావాలి."

"మరి టీ ఏ వైపు తాగుతున్నావు బావా?"

"మనవైపే."

కొట్టంతా నవ్వింది. ఆ నవ్వు చూసుకుని జ్ఞానానందం ఎప్పటి మాట అనేశాడు. "డబ్బు మళ్ళీ వస్తుంది చూడండి. సగం నాలిక ఇక్కడ పెట్టుకుని వాళ్ళెక్కడికి పోతారు?"

నవ్వు ఆగిపోయింది. లాజరు గ్లాసు కింద పెట్టాడు. "నిజంగా వస్తుందంటావా?" అన్నాడు. ఆ గొంతులో వేళాకోళం లేదు. జ్ఞానానందం చూపు పక్కకి తిప్పుకున్నాడు. వీళ్ళు కథలో విమానాన్ని నమ్మరు, సముద్రాన్ని నమ్మరు, ఈ ఒక్క ముక్కనే నమ్ముతారు.

అప్పుడు కాంతమ్మ ముందుకొచ్చింది.

"అన్నయ్యా, రేపు బాపట్ల నించి రొయ్యల చెరువు ఆసామి వస్తున్నాడు. వేలిముద్ర వేస్తే చేలోకి ఉప్పునీళ్ళు పెట్టేస్తాడు. ఇక దాంట్లో వరి అన్నది ఉండదు. మా మామ తుమ్మమొద్దులు పెరికి చేసిన చేను. నారు పొయ్యనా, వేలిముద్ర వెయ్యనా?" అంటూ ఒక ముడి విప్పి మట్టిబెడ్డ తీసింది.

ఆ చౌడు పొలాల వాళ్ళకి ఒక పట్టింపుంది. సొంత చేను మట్టి సొంత నాలుకతో చూడకూడదు, ఆశ అడ్డొస్తుంది. నారుని చంపేంత ఉప్పుందో లేదో పరాయి నాలుకే చెప్పాలి. కోతల సంగతెలా ఉన్నా, స్కీములో ఉన్నన్నాళ్ళూ జ్ఞానానందం ప్రతి పొట్లం లోంచీ చిటికెడు రుచి చూసేవాడన్నది మాత్రం నిజం.

అతను బెడ్డ చిదిమి నోట్లో వేసుకున్నాడు. నాలుక భగ్గుమంది. ఉప్పుగల్లు నమిలినట్టే ఉంది. కళ్ళెత్తి చూస్తే ఎదురుగా ఆమె మొహం. ఉన్నమాట చెబితే రేపే వేలిముద్ర. ఒక్క పంట వేసుకోనీ, వానలు కడగవా అనుకున్నాడు.

"చప్పగా ఉంది చెల్లెమ్మా. నారు పోసుకో."

కాంతమ్మ తల అడ్డంగా ఊపింది. "అది మా చేలోది కాదన్నయ్యా. ఉప్పు పండించే కొటారులో గీక్కొచ్చా. నిన్ను నమ్మేముందు ఒకసారి చూద్దామనుకున్నా."

ముందు లాజరు నవ్వాడు, తర్వాత అందరూ నవ్వారు. ఆమె మాత్రం నవ్వలేదు. "డబ్బొస్తుంది, దొరలొస్తారంటే రెండేళ్ళు నీ మాట మీద కూచున్నా. ఉప్పుకొటారు తెలియని నాలిక్కి నా చేనేం తెలుస్తుందిలే." రెండో ముడి విప్పి, అందులో ఉన్న తన చేను మట్టి బల్ల పక్కన దులిపేసి, రోడ్డెక్కింది.

ఉప్పని తెలిసే అలా చెప్పానని అందామనుకున్నాడు జ్ఞానానందం. ఎవరు నమ్ముతారు? చెంబు అందుకుని నోరు పుక్కిలించాడు. రైలు గంట కొట్టారు. అందరూ అటు చూస్తుంటే వంగి, ఆమె దులిపిన మట్టిలోంచి ఒక పలుకు తీసి, పాత అలవాటున నాలుక మీద వేసుకున్నాడు.

చప్పగా ఉంది.

పుక్కిలించి ఇంకో పలుకు వేసుకున్నాడు. ఉప్పు లేదు. నారు బతుకుతుంది. దొరలు పోయినా, డబ్బు ఆగినా, భూమిలో ఆ గొట్టాలు తమ పని తాము చేసుకుంటూనే ఉన్నాయి. రెండు వానాకాలాలు ఉప్పు దిగిపోతూనే ఉంది. చూసినవాడు లేడు.

"లాజరూ, ఇది చూడరా! నువ్వొక్కసారి నోట్లో వేసుకో!"

"నాకెందుకు బావా, ఇంటికెళ్ళి అన్నం తినాలి."

జ్ఞానానందం రోడ్డు మీదికి పరిగెత్తాడు. "కాంతమ్మా! నిజంగానే ఉప్పు దిగిపోయింది! వేలిముద్ర వెయ్యబాక! నారు పోసుకో!"

వెనక టీకొట్టు పగలబడి నవ్వింది. "కాస్త రేపటికి దాచుకో బాబాయ్!" అని నరసింహం కేకేశాడు.

రైలుగేటు దగ్గర కాంతమ్మ ఒకసారి వెనక్కి తిరిగింది. చెయ్యెత్తి పిలుస్తున్న మనిషిని చూసి, ఇతనికి ఇంకా కోతలు తీరలేదనుకుని, కొంగు దులుపుకుని గేటు దాటిపోయింది.