సంతకానికి ముందు కారణం

పందొమ్మిది వందల తొంభై ఒకటవ సంవత్సరం జూన్ పదకొండవ తేదీ మంగళవారం ఉదయం పది గంటలకు ఈ బీమా సంస్థ రికార్డుల విభాగంలో సహాయకురాలిగా చేరవలసిన ఆమె, కాగితాల ప్రకారం పదింటికే చేరినా, వాస్తవానికి చేరింది పదీ నలభైకి. ఆలస్యంగా వచ్చి కాదు. చేరిక పత్రంలో "పై నిబంధనలన్నియు చదివి అంగీకరించితిని" అని ఉంది గానీ, పైన నిబంధన అన్నది ఒక్కటీ లేదు.

"అందరూ పెట్టే సంతకమేనమ్మా, పెట్టెయ్యండి," అన్నారు నాటి సూపరింటెండెంటుగారు.

"పెడతానండీ. చదివానని రాసుంది కదా, చదవడానికేమైనా ఇవ్వండి."

నిబంధనల పుస్తకం కోసం వెతగ్గా వెతగ్గా, అది కాలు విరిగిన బీరువాకు ఊతంగా ఉన్నట్టు తేలింది. పుస్తకం తీయగానే బీరువా ఒరిగింది. నలభై నిమిషాలు చదివి ఆమె సంతకం చేశారు. ప్రతి కాగితానికీ కారణం అడిగే ఈ కొత్త మనిషికి ఆ సాయంత్రానికే "కారణమ్మగారు" అన్న పేరు స్థిరపడింది. నేటి పదవీ విరమణ దాకా ఈ ముప్పై నాలుగేళ్ళలో హోదాలు మారాయి, అంతస్తులు మారాయి, పేరు మాత్రం మారలేదు.

తొలి ఏడేళ్ళూ ఆమె పాలసీదారుల కార్డుల నడుమ గడిపారు. దుమ్ముకు తుమ్ములూ, చెదలకు చివాట్లూ ఆ గదిలో నిత్యకృత్యాలు. ఆ తరువాత కంప్యూటర్లు విచ్చేశాయి. వాటికొక చల్లని గది, గుమ్మానికొక తెర, లోపలికి వెళ్ళాలంటే చెప్పులు బయట విడవాలన్న కట్టడి. "మొక్కమంటే మొక్కుతాను. నమ్మమంటే మాత్రం ఒకసారి సరిచూసుకోవాలి," అని, తెర మీద కనిపించిన ప్రతి పుట్టినతేదీనీ పాత కార్డుతో పోల్చి చూసి, కంప్యూటరు లెక్క ప్రకారం ఇంకా పుట్టనే పుట్టని పదకొండుమంది పాలసీదారులను ఈ లోకంలోకి తెచ్చిన ఘనత ఆమెది.

అటుపిమ్మట క్లెయిముల విభాగంలో పదిహేనేళ్ళు, ఆపైన బీమా నియంత్రణ సంస్థ ఆదేశాలు సక్రమంగా అమలయ్యేలా చూసే విభాగంలో తక్కిన సర్వీసంతా ఆమె కనబరచిన దీక్ష సహోద్యోగులందరికీ సుపరిచితం. క్లెయిమును నిరాకరించదలిస్తే గడువులోగా, పాలసీదారుకు అర్థమయ్యే భాషలో, కారణం చూపి, బాధ్యుడైన అధికారి సంతకంతో తెలియజేయాలని నియంత్రణ సంస్థ ఆదేశం. అందులో "అర్థమయ్యే భాష" అన్న రెండు మాటలకు కొలమానమేమిటో ఆదేశంలో లేదు. ఆ కొలమానాన్ని కారణమ్మగారు తమ వంటింట్లో కనుగొన్నారు.

ఒకే ఇంట్లో ఉంటున్న పెద్ద తోడికోడలు బియ్యే చదివి గరిటె పట్టిన మనిషి. ఆఫీసు ఉత్తరాలు ఇంటికి తేవడం నిషిద్ధం గనుక, కారణమ్మగారు వాటిలోని కారణవాక్యాన్ని మాత్రం, ఎవరిదో ఏ ఊరో లేకుండా, మనసులో పెట్టుకొని వచ్చేవారు. "అక్కా, ఇది విను," అని అప్పజెప్పేవారు. కూర తరుగుతున్న చేయి ఆగకపోతే వాక్యం నెగ్గినట్టు. కత్తి ఆగి, "ఇంతకీ ఇస్తారా, ఇవ్వరా?" అన్న ప్రశ్న వస్తే, మర్నాడు ఆ వాక్యానికి మళ్ళీ పురుడే. భర్తగారిని కూడా ఒకటి రెండుసార్లు పరీక్షకుడిగా నియమించి చూశారు గానీ, వినకముందే అర్థమైందనే అలవాటు ఆయనకు ఉండటం వల్ల తప్పించవలసి వచ్చింది.

ఆరేళ్ళ క్రితం సంస్థ కొత్త సాఫ్ట్‌వేరును ప్రవేశపెట్టింది. వచ్చిన ప్రతి క్లెయిమునూ అదే చదివి, మోసమేదైనా ఉందేమో పసిగట్టి, ఉత్తరం కూడా తానే తయారుచేస్తుంది. అడిగినవన్నీ అమర్చాలి, ఎందుకని ఎదురడగకూడదు కనుక సిబ్బంది దానికి "అల్లుడుగారు" అని పేరు పెట్టారు. అల్లుడుగారి తొలి నెలలో గడువులు ముంచుకొచ్చాయి. ఒక శుక్రవారం సంతకం కోసం ఆమె బల్లమీద రెండువందల పన్నెండు నిరాకరణ ఉత్తరాలు చేరాయి. ఆ వారం అక్కగారు జ్వరంతో మంచం పట్టారు, వంటింటి పరీక్ష జరగలేదు. చేరిననాడు నలభై నిమిషాలు చదివి ఒక్క సంతకం పెట్టిన మనిషి, ఆనాడు నలభై నిమిషాల్లో రెండువందల పన్నెండు సంతకాలు పెట్టారు.

పది రోజులకు కుడిచేతికి సిమెంటు కట్టుతో, ఎడమచేతిలో ఉత్తరంతో, గోడలకు రంగులు వేసే చిన్న మేస్త్రి ఒకాయన ఆమె బల్ల ముందు నిలబడ్డారు.

"మేడమ్, ఇందులో ఏముందో మా వీధిలో చదువుకున్నాళ్ళు కూడా చెప్పలేకపోయారు. కింద సంతకం మీదేనంట. మీరే చెప్పండి."

ఆమె చదివారు. "నమూనా సారూప్యత దృష్ట్యా మీ అభ్యర్థన పరిగణనార్హము కాదు." మళ్ళీ చదివారు.

"నాక్కూడా తెలియడం లేదండీ."

"మరి సంతకం?"

"నాదే. కూర్చోండి. అసలేం జరిగిందో చెప్పండి."

"మా అన్నా నేనూ ఒకే చెక్క మీద నిలబడి రంగేస్తున్నాం. చెక్క విరిగింది. ఆయనకి కుడి మణికట్టు, నాకూ కుడి మణికట్టు. ఆయనకి మంజూరు చేశారు, నాకు లేదన్నారు. ఇద్దరం ఒకే ఎత్తు నుంచి పడ్డాం మేడమ్."

అన్నదమ్ములిద్దరికీ కలిపి ఒకే ఫోను, ఒకే చిరునామా. అదే ఆసుపత్రి, అదే రోజు, అదే ఎముక. అల్లుడుగారి దృష్టిలో తమ్ముడు మనిషి కాదు, అన్నగారికి తీసిన జిరాక్సు.

తనిఖీకి నియంత్రణ సంస్థ అధికారులు సరిగ్గా ఆ గురువారమే రానున్నారు. విభాగాధిపతి పదవికి పంపిన జాబితాలో కారణమ్మగారి పేరు మొదటిది. శాఖాధిపతి సదుద్దేశంతోనే సలహా ఇచ్చారు: "ఆయన క్లెయిము ఇచ్చేద్దాం మేడమ్. పాత ఉత్తరం తీసేసి కొత్తది పెట్టండి. ఎవరు చూస్తారు?"

"చూడ్డానికేగా వస్తున్నారు సార్."

"మీ పదోన్నతి సంగతి ఆలోచించారా?"

"ఆలోచించాకే మీ గదికి వచ్చాను."

చిన్న మేస్త్రి క్లెయిము మంజూరు చేయించి, పాత ఉత్తరాన్ని మాత్రం ఫైలులో ఉన్నచోటనే ఉంచి, దాని పక్కన ఆమె రెండు వాక్యాలు రాశారు: "ఈ సంతకం నాది. ఇందులోని కారణం నాకు తెలియకుండానే చేశాను." ఆ తరువాత మూడు రోజులు కూర్చుని తక్కిన రెండువందల పదకొండు ఉత్తరాలనూ తిరిగి చదివారు. చెప్పుకోదగిన కారణం లేనివి మరో ఏడు తేలాయి. ఆ ఏడు ఇళ్ళకూ స్వయంగా ఫోన్ చేసి క్షమాపణ చెప్పారు. గురువారం వచ్చిన అధికారి ఆ రెండు వాక్యాలూ చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ చదివారట. మనిషి తన మాటల్లో కారణం చెప్పలేని ఏ నిరాకరణా ఇకపై గడప దాటరాదన్న నియమం సంస్థలో అప్పుడే పుట్టింది. ప్రతి ఉత్తరం అడుగున "ఇది మీకు అర్థం కాకపోతే ఫోన్ చేయండి" అన్న వాక్యమూ, దాని పక్కన కారణమ్మగారి బల్లమీది ఫోన్ నంబరూ చేరాయి. పదవి మాత్రం ఆ ఏడాది మరొకరిని వరించింది.

ఆ సంగతి తెలిసిన సాయంత్రం, అప్పటికి జ్వరం తగ్గిన అక్కగారు చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు.

"ప్రమోషన్ రాలేదటగా?"

"రాలేదక్కా."

"కారణం?"

"చదవకుండా సంతకం పెట్టాను."

ఒలుస్తున్న చేయి ఆగలేదు. "ఇది ఒక్కసారికే అర్థమైంది," అన్నారు అక్కగారు. కాసేపటికి కాయల పళ్ళెం ఇద్దరి మధ్యకూ జరిపి, "కూర్చో. నువ్వూ ఒలువు," అన్నారు.

రెండేళ్ళ తరువాత ఆ పదవే ఆమెను వెతుక్కుంటూ వచ్చింది. ఈసారి నియామక పత్రం చదవడానికి ఆమె గంట తీసుకున్నారు. ఎవరూ తొందరపెట్టలేదు. అల్లుడుగారు కూడా క్రమేణా దారిలో పడ్డారు. ఇప్పుడు అన్నదమ్ములను ఇద్దరిగానే లెక్కించి, అనుమానం వస్తే మనిషిని పిలుస్తారు. ఇంత వినయం సొంత అల్లుళ్ళలో కూడా అరుదని అక్కగారి అభిప్రాయం.

పదవీ విరమణకు ముందు బాధ్యతలు అప్పగించే కాగితంలో కారణమ్మగారు ఫైళ్ళూ తాళాలతో పాటు చివరగా ఒక అంశం చేర్చారు. ఏటా పాలసీ పునరుద్ధరించిన రోజున ఉత్తరాల అడుగునున్న ఆ నంబరుకు చిన్న మేస్త్రి ఫోన్ చేస్తారు, "మేడమ్, ఏమీ విరగలేదు, ఊరికే చేశాను," అంటారు, దాన్ని ఫిర్యాదుగా నమోదు చేయవద్దు, ఫోను మధ్యలో పెట్టేయవద్దు. ఆమె స్థానంలోకి వస్తున్న అధికారిణి అది పూర్తిగా చదివిన తరువాతే సంతకం చేశారు.

కారణం లేని కాగితాన్ని కారణమ్మగారు స్వీకరించరు గనుక, సహోద్యోగులూ కుటుంబసభ్యులూ తమ ఆకాంక్షను సహేతుకంగానే సమర్పించుకుంటున్నారు. ఆమెకు సంపూర్ణ ఆరోగ్యమూ, నిండు నూరేళ్ళ ఆయుష్షూ, వంటింట్లో అక్కగారి ఎదుట తీరికగా ఒక పీటా లభించుగాక. కారణం: ఆ నంబరు ఇక్కడే ఉంటుంది. ఏటా ఒకరోజు, చిన్న మేస్త్రి ఫోను తరువాత, అది రెండోసారి మోగాలి. ఎత్తినవారికి ఆమె గొంతు వినిపించాలి: "ఏమీ విరగలేదు. ఊరికే చేశాను."