దూలానికి తగలని తలలు

ఒసాకా నగరం, మధ్యాహ్నం భోజనాల వేళ. తొయామా సీమలోని హిమి రేవులో ఎండుచేపల కొట్టు నడిపే తొమొజి, ఆయన భార్య మిసావో పొద్దుటి రైలు దిగి, ఊరు చూస్తూ, ఎక్కడ తిందామా అని తిరుగుతున్నారు. ఈ నగరానికి రావడం ఇదే మొదటిసారని ఇద్దరూ అంటున్నారు.

"మాట మార్చకండి. ఇందాక స్టేషన్లో ఎస్కలేటర్ ఎక్కి కుడిపక్కన ఎందుకు నిలబడ్డారు?"

"ఎక్కడో ఒక పక్కన నిలబడాలి కదా మిసావో."

"మన తొయామాలో ఎడమపక్క నిలబడతారు. టోక్యో వెళ్ళినా ఎడమపక్కే. ఈ ఒసాకా వాళ్ళొక్కళ్ళే కుడిపక్కన నిలబడేది. మీరు ముందున్నవాళ్ళని చూసి నేర్చుకున్నారా అంటే అదీ లేదు. కాలు దానంతటదే వెళ్ళింది."

"సూట్‌కేసు కుడిచేతిలో ఉంది కదా, అందుకని."

"సూట్‌కేసు నా చేతిలో ఉంది."

"అదీ నిజమేలే. ఇలా ఇవ్వు, నేను మోస్తా."

"ఇప్పుడు గుర్తొచ్చిందా మొయ్యడం? సరే, అది వదిలేయండి. ఆ మూల కొట్టులో పంది మాంసం బన్నులు కొన్నారు. వాడితో ఏమన్నారు?"

"రెండివ్వు అన్నాను."

"బుతామన్ రెండివ్వు అన్నారు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి మనం దాన్ని నికుమన్ అనే అంటాం. బుతామన్ అనేది ఈ ఊరివాళ్ళు."

"బోర్డు మీద అలా రాసుంటే చదివాను."

"మీ కళ్ళద్దాలు నా సంచీలో ఉన్నాయి."

"బోర్డు పెద్దది."

"ఎవరావిడ?"

"ఏ ఆవిడ?"

"నన్ను వెర్రిదాన్ని చెయ్యకండి. రెండు నెలలకోసారి నగోయా చేపల మార్కెట్ పని అంటారు. వచ్చేటప్పటికి మీ కోటంతా మాడిన సాస్ వాసన. చేపల మార్కెట్‌కి వెళ్ళినవాడు చేపల వాసన రావాలి గానీ సాస్ వాసన వస్తాడా?"

"అక్కడ పక్కనే హోటల్ ఉంది."

"అది కూడా పోనీ. నేను పీపాలో తవుడు పట్టించి ఊరేసిన చేపలు ఏమవుతున్నాయి? ఇంట్లో ఉన్నది ఇద్దరం. పదిమంది తిన్నట్టు ఖాళీ అవుతోంది పీపా."

"అదే నేనూ అడుగుదామనుకుంటున్నా. నేను తీసేదానికంటే ఎక్కువ తగ్గుతోంది."

"అంటే తీస్తున్నారన్నమాట."

"తింటానికి తీస్తాను. ఇల్లు కదా."

"నేను ఏడాదంతా తవుడు కలిపి, ఉప్పు చూసి, చేతులు పగిలేలా చేస్తే, మీరు దాన్ని పట్టుకొచ్చి ఎవత్తెకో పెడుతున్నారు. అందుకే మన వీధి లాటరీలో ఒసాకా రైలు టికెట్లు తగిలాయంటే మీ మొహం అలా పాలిపోయింది."

"నీ మొహం కూడా పాలిపోయింది."

"నాకు రైలు పడదు."

"మీ అక్కని చూడ్డానికి కనజావా వెళ్ళినప్పుడల్లా రైలు పడుతుంది గదా?"

"అది దగ్గర. చూడండి, చెప్తున్నా. ఈ ఊళ్ళో ఆడమనిషి ఉందని తేలిందో, సాయంత్రం రైలుకి నేనొక్కదాన్నే పోతా. విడాకుల కాగితం మీద ముద్ర కొట్టడానికి నాకు క్షణం పట్టదు. ఉన్న ఒక్క పిల్లా లేకుండా పోయింది. మీరూ పోతే పొండి. నా చేపలు, నా పీపా నాకున్నాయి."

"పిల్ల మాట ఎత్తొద్దని నువ్వే కదా అన్నావు."

"మీరన్నారు."

"నువ్వన్నావు. కుదిర్చిన పెళ్ళికొడుకుని కాదని అది ఇల్లొదిలి వెళ్ళిన రోజున, చుట్టాలందరి ముందూ నాకు కూతురే లేదు అన్నావు."

"మీరు గుమ్మం తొక్కనివ్వనన్న తర్వాత అన్నాను. మొగుడు ఒక మాట, పెళ్ళాం ఒక మాట అంటే నలుగురూ నవ్వరా?"

"అంటే నీ మనసులో లేకుండానే అన్నావా?"

"మాట మార్చకండి అన్నానా."

"మార్చట్లేదు. నాకూ ఒక అనుమానం ఉంది. కుడిపక్క నిలబడేది ఒసాకా వాళ్ళొక్కళ్ళే అని నీకెలా తెలుసు?"

"అక్క చెప్పింది."

"కనజావా దాటని మనిషికి ఎలా తెలిసింది?"

"టీవీలో చూసుంటుంది. అయినా ఇప్పుడు మా అక్క ఏం చేసిందని? ఎక్కడికి తిప్పుతున్నారు నన్ను?"

"ఇదిగో, ఈ సందులోకి. ఇక్కడ క్యాబేజీ అట్లు బాగా వేస్తారట."

"ఏ సందు?"

"ఇదే."

"ఈ సందు వద్దు."

"ఏం?"

"నాకు అట్టు అరగదు."

"పొద్దున రైల్లోనే గదా ఒసాకా వచ్చి అట్టు తినకపోతే ఎలా అన్నావు?"

"అన్నాను. ఇప్పుడు కాదంటున్నాను. వాన కూడా వచ్చేలా ఉంది."

"సందు పొడుగునా కప్పు ఉంది మిసావో. అదిగో, ఆ గొడుగుల కొట్టు వెనక నక్కుతున్నావేంటి? ఎవరైనా తెలిసినవాళ్ళు కనపడ్డారా?"

"ఈ ఊళ్ళో నాకు తెలిసినవాళ్ళెవరు? చెప్పు బిగిసింది, సవరించుకుంటున్నా."

"సరే విను. ఇంక నా వల్ల కాదు. లాటరీ లేదు, గీటరీ లేదు. టికెట్లు నేనే కొన్నా. ఆవిడెవరో తేల్చుకుంటానన్నావు కదా, పద, తేల్చుకుందువుగాని."

"అంటే ఉంది."

"ఉంది."

"ఈ సందులోనే?"

"ఆ నీలం తెర కట్టిన కొట్టులో."

"ఆ... ఆ కొట్టులోనా?"

"ఏం, అలా అయిపోయావు?"

"ఏం లేదు. మీరు... ఆ కొట్టుకా వస్తున్నది? ఇవాళ వద్దు. రేపొద్దాం."

"ఇవాళ కాకపోతే నాకు మళ్ళీ ధైర్యం రాదు. పద."

నీలం తెర తీసుకుని ఇద్దరూ లోపలికి వెళ్ళారు. పొయ్యి ముందు ఒక ముసలమ్మ ఒక్కతే కూర్చుని ఉంది.

"రండి రండి, కూకోండాయ్. కొట్టు నాది కాదులెండి, పక్క గొడుగుల కొట్టు నాది. అమ్మాయి క్యాబేజీ అయిపోయిందని మార్కెట్టుకి పరిగెత్తింది, ఇప్పుడో ఇంకాసేపట్లోనో వచ్చేత్తది. అదేటండి, మీకిద్దరికీ తల తగల్లేదా?"

"ఏం తగలాలండీ?"

"దూలం నాయనా, దూలం. తెర ఎనకాల కిందకి దిగుంటది, బయటికి కనపడదు. కొత్తగా వచ్చినోళ్ళు ఎవరైనా సరే ఠంగుమని కొట్టుకోవాల్సిందే. అందుకే ఈ చప్పరించే బిళ్ళలు ఎప్పుడూ దగ్గరుంచుకుంటా. బొప్పి కట్టినోళ్ళకల్లా ఓ బిళ్ళ. మీ ఇద్దరూ చక్కగా వంగొచ్చారు. మొదటిసారేనా రావడం?"

"మొదటిసారే."

"మొదటిసారేనండీ."

"మరి ఎలా వంగారో. పెళ్ళాం ముందు వంగి వంగి అలవాటయ్యుంటది మీకు. అమ్మగారు ఎందుకు వంగారో మరి."

"తెర మొహానికి తగుల్తుందేమోనని. నేను కొంచెం పొడుగు కదా."

"నా భుజం దాటవు మిసావో."

"మీరు ఊరుకోండి. మీరెలా వంగారో అది చెప్పండి ముందు."

"చెప్తా. అన్నీ చెప్తా. ఒక్క నిమిషం ఊపిరి తీసుకోనీ. అమ్మా, అమ్మాయి వచ్చాక ఒక అట్టు, పక్కన అన్నం వెయ్యమనండి."

"అట్టులోకి అన్నమా? చూశారా, ఇదీ ఈ ఊరివాళ్ళ తిండే. లోకంలో ఇంకెవరైనా అట్టు నంజుకుని అన్నం తింటారా?"

"ఆయ్, మేం తింటాం. బావుంటదండి. అందాకా ఇది రుచి చూడండి. ఇది అమ్మకానికి పెట్టలేదు, కావలసినోళ్ళకి పిసరంత పెడతది. తవుడులో ఊరేసిన చేప. వాసన కొంచెం ఘాటు, భయపడకండి."

"ఇది..."

"వాళ్ళ ఊరి నుంచి వత్తాయంట. ఏ ఊరో సముద్రం పక్కన. కొట్టు సెలవు రోజున వచ్చి ఇచ్చి పోతారంట, నేనెప్పుడూ మనుషుల్ని చూళ్ళేదు. చేపలు మాత్రం మొహమాటం లేకుండా తిన్నాను. ఒక నెల వాళ్ళ నాన్న తెత్తాడంట, ఒక నెల—"

"ఆ సాస్ ఇలా అందుకోండమ్మా."

"చేపలోకి సాసా?"

"పోనీ మంచినీళ్ళు. గొంతుకి ముల్లు అడ్డం పడింది."

"అయ్యయ్యో, ఇదుగో తాగండి అమ్మగారూ. ఏం చెప్తున్నానూ, ఆ, ఒక నెల—"

"మీ కొట్టు ముందు ఎవరో నిలబడ్డారండీ. గొడుగు కోసమేమో."

"అలాగా? ఉండండుండండి, బేరం పోతది. ఇప్పుడే వత్తా. పొయ్యి మీద చెయ్యి పెట్టకండే."

"వెళ్ళింది. చేప ఎలా ఉంది మిసావో?"

"ఎలా ఉంటుంది? నా పీపాలోది. నా చేతి ఉప్పు నాకు తెలీదా?"

"ఈ కొట్టు కొహరుది."

"ఊఁ."

"మన కొహరుది. విన్నావా? నాకు వేరే ఆడమనిషి లేదు. ఉన్నది నా కూతురు. నగోయా అని చెప్పి దాని దగ్గరికే వస్తున్నాను. తిట్టు, కొట్టు, నీ ఇష్టం."

"ఎన్నాళ్ళ నుంచి?"

"అది ఈ కొట్టు తెరిచినప్పటి నుంచి. ఎవరో చెప్తే చూసిపోదామని వచ్చాను. బయట నిలబడి చూస్తున్నా, అదే వచ్చి తెర తీసింది. దూలం గుద్దుకుంది నాకు. నవ్వింది. దాని నవ్వు చూసి నేను ఇక్కడే నిలబడి చంటిపిల్లాడిలా ఏడ్చాను."

"నాకు ఒక్క మాట చెప్పలేదు."

"ఎలా చెప్పను? నువ్వు దాని ఫొటో కూడా గోడ మీంచి తీసేశావు. దాని అన్నం గిన్నె ఎవరికో ఇచ్చేశానన్నావు. చెప్తే నన్ను కూడా ఇంట్లోంచి పంపించేస్తావని భయపడ్డాను. దాన్నీ అడిగాను, అమ్మతో మాట్లాడమంటావా అని. వద్దు నాన్నా, కొన్నాళ్ళు ఆగు అంటుంది ఎప్పుడూ."

"అలా అంటుందా?"

"అదే మాట. నీ కోపానికి అదీ భయపడుతోంది పాపం."

"చిక్కిందా?"

"చిక్కలేదు గానీ చేతుల నిండా కాలిన మచ్చలు."

"ఎడమ మణికట్టు మీది ఇంకా మానలేదా—"

"ఏ మణికట్టు?"

"ఏదో ఒక మణికట్టు. పొయ్యి దగ్గర పనిచేసేవాళ్ళకి మణికట్టు కాలకుండా ఉంటుందా? నాకు కాలలేదూ? పదండి, పోదాం."

"ఎక్కడికి?"

"ఎక్కడికైనా. అది రాకముందే. ఇలా ఎదురుపడితే బావుండదు, ముందు కబురు చేసి వద్దాం."

"మిసావో, నీకు దండం పెడతా. ఇంతదూరం తెచ్చాను. ఒక్కసారి దాని మొహం చూడు. చూశాక కూడా నీ మనసు కరక్కపోతే నేనే నిన్ను రైలెక్కిస్తా. కన్నతల్లివి, ఇన్నాళ్ళు చూడకుండా ఎలా ఉన్నావో నాకు అర్థం కాదు."

"చూడకుండా ఉన్నానని... అవును. రాయిని నేను. అన్ని పాపాలూ నావే. మరి మీరో? నా చేపలు దొంగిలించి, నాకు అబద్ధాలు చెప్పి, నా ఎదురుగా కూర్చుని నగోయా మార్కెట్లో రేట్లు కూడా చెప్పేవారు. నేను ఈ కాపురం కూలిపోతోందని రాత్రుళ్ళు నిద్రలేకుండా పడుకుంటే పక్కన గుర్రుపెట్టేవారు."

"తప్పే."

"తప్పే అంటే సరిపోతుందా?"

"ఏం చెయ్యమంటావు?"

"క్షమాపణ అడగండి. సరిగ్గా."

"ఇక్కడా?"

"నన్ను మోసం చేసింది ఇక్కడే కదా."

"సరే. ఇదిగో, మోకాళ్ళ మీద కూర్చున్నా. చాలా?"

"నుదురు నేలకి ఆనాలి."

"ఆనింది. ఇక్కడంతా పిండి పడి ఉంది."

"ఉండనీండి. ఇంకెప్పుడూ నీ దగ్గర ఏదీ దాచను అనండి."

"దాచను."

"పెళ్ళాన్ని మాయ చేసి దొంగచాటుగా రైలెక్కను."

"ఎక్కను."

"మొగుడూపెళ్ళాల మధ్య దాపరికాలు ఉండకూడదు."

"ఉండకూడదు. ఎవరో వెనక తలుపు తీస్తున్నట్టున్నారు, లేవనా?"

"అప్పుడే కాదు. కిందే ఉండండి. నేను చెప్పేదాకా తలెత్తొద్దు."

"అమ్మా? ఒక్కదానివే వచ్చావేంటి, ఈ నెల నాన్న వంతు కదే. కొంపదీసి నువ్వూ వస్తున్నావని ఆయనకి గానీ తెలిసిపోయిందా?"