ఎనిమిది పాయల తీగ

1964 డిసెంబరు. బందరులో ఒక రేడియో రిపేరు కొట్టు. చర్చిలో ఎలక్ట్రిక్ గిటారు వాయించే బడిపంతులు, కొట్టు యజమాని బల్లకి చెరో పక్కన ఉన్నారు. మధ్యలో ఆంప్లిఫయర్ పెట్టె.

"ఈసారి కూడా గుయ్యిమంటే క్రిస్మస్ ఆరాధనకి మళ్లీ హార్మోనియమే అన్నారండీ మా సంఘ పెద్దలు. గిటారుని ఈ పెట్టెకి కలపడానికి మద్రాసు నుంచి తెప్పించిన తీగే అంత గోల పెట్టింది!"

"దానికి రాగి తొడుగు లేదు మాస్టారూ. గిటారు నుంచి వచ్చేది సన్నటి కరెంటు. చుట్టుపక్కల లైట్ల రొదంతా అందులో దూరుతుంది. ఇదిగో, ఈ తీగ మీ గిటారుకి గుచ్చండి."

"గుచ్చానండీ. అబ్బ, ఏం అల్లిక! మీరే అల్లారా?"

"నా చేతులకి అంత పనితనం ఎక్కడిది? పెడనలో మాణిక్యమ్మగారని, మగ్గం నేస్తుంది. రబ్బరు తీగ చుట్టూ రాగి పోగులతో ఎనిమిది పాయల జడ వేసింది."

"ఆవిడకి గిటారంటే తెలుసా?"

"చూడనే లేదు. 'లోపలికి ఏం రాకూడదు బాబూ?' అని ఒక్కటే అడిగింది. రొద రాకూడదమ్మా అన్నాను. పాయల మధ్య వెలుతురు కనిపించిన చోటల్లా విప్పి మళ్లీ అల్లింది. మూడు గజాలకి నాలుగు రోజులు పట్టింది."

"నిజమేనండీ, గోరు దూరే సందు కూడా లేదు. ఇంక స్విచ్ వెయ్యండి, గుయ్యిమంటుందో లేదో తేలిపోతుంది."

"మీరు అల్లిక చూసి మురిసిపోతున్నప్పుడే వేశాను మాస్టారూ. ఇటొచ్చి చూడండి, పెట్టె లోపల గాజు వాల్వులు ఎప్పుడో వెలిగి ఎర్రబడ్డాయి."