ముంతల పాలు

ఎన్నిసార్లడుగుతవు పటేలా? పొద్దటి సంది అదే మాట. ఎవని బర్రె పిండినవు, ఎవని బర్రె పిండినవు అని. బర్రె కాదంటి, గొడ్డు కాదంటి. అవి నా పాలు. నా బిడ్డ కోసం నేను పిండి పెట్టుకున్న పాలు.

నవ్వకు. ఇందుల నవ్వేటిదేముంది?

ఆఁ, పిల్ల ఉన్నది, రొమ్మున్నది, నడుమ ముంతెందుకే అంటున్నవు. నిజమే. నీ ఇంట్ల కోడలికి ముంతతోని పనిలేదు. ఆమెకు దొర గడిల వెట్టి లేదాయె. నాకున్నది. కోడి కూసేయాల్లకు పోవాలె, పెండ తియ్యాలె, వడ్లు దంచాలె, దీపాలు పెట్టినంక ఇంటికి రావాలె. మొదట్ల పిల్లను సంకనేసుకొనే పోయిన. కొట్టంల గంపల పండవెట్టి నా పని నేను చేసుకుంటాంటి. దొరసాని పూజల కూసున్నప్పుడు అది ఏడ్సిందట. రేపటి సంది దాన్ని తెచ్చినవో చూడు అన్నడు జమేదారు. నువ్వు గూడ ఆన్నే ఉంటివి. యాదికి లేదా?

మరి పొద్దంత దాని కడుపెట్ల? మా అత్త నాగులమ్మకు కండ్లు కానరావు. గంజి పోస్తే పిల్ల కక్కుతాంది. అప్పుడు అత్తనే చెప్పింది. పోయే ముందుగాల పిండిపెట్టు జంగమ్మా, నేను దూది వత్తితోని చీకిస్త అని.

కొత్త ముంత తెచ్చిన. ఉడుకు నీళ్లతోని కడిగి బోర్లిస్త. పాలు పిండి, మోదుగాకు కప్పి, నీళ్లకుండ కింద తడి ఇసుకల గుంత చేసి పెడ్త. సల్లగుంటే జల్ది విరగవు. ఒక రొమ్ము పిండుత, ఒకటి దాని నోటికిడుస్త. పిండుడంటే ఉత్తగనే అనుకున్నవా? పిల్ల గుంజితే వచ్చినట్టు చేతికి రావు. వేళ్లు నొస్తయి గని ముంత అడుగు తడువది.

ఆకు మీద బొగ్గుముక్క ఎందుకున్నదంటవా? దిష్టి తాకకుంట. మీ ఇంట్ల పాలు బయటికి పంపేటప్పుడు పెట్టరా? దొంగపాలకు ఎవరన్న దిష్టి చూస్తరా పటేలా, నువ్వే చెప్పు.

గీ నీ సుంకరి బాలస్వామి మా ఇంట్ల చొరబడి ఆ ముంత ఎత్తుకొచ్చిండు. గొడ్డు లేని కొంపల పాలెక్కడియి అన్నడట. అత్త తడుముకుంట వాకిట్ల దాక వచ్చి మొత్తుకున్నదట. నన్ను పెండగంప కాడి నుంచి తోలుకొచ్చిండ్రు. అప్పటి సంది ఈ చావడి ముంగట కూసున్న. నా పిల్ల నోట్ల సుక్క పడలే. నిన్నటి సంది ఒళ్లు గూడ కాలుతాంది దానికి.

చూడు, రయికె తడిసింది. కొంగు కప్పుకున్నా ఆగుతలేదు. రొమ్ములు రాళ్లోలె అయినయి, నొప్పి మాత్రం తెలుస్తలేదు. అవి నాయి కానట్టే ఉన్నది. ఏడుపు గూడ వస్తలేదు. ఏడువకుంట ఇట్ల మాట్లాడుతాందంటే దొంగదే అనుకుంటున్నవు గావచ్చు. అనుకో.

పిల్లను తెప్పియ్యమంటి. చావడి కాడ మీ పిల్లల ఏడుపులేందంటివి. కాళ్లు మొక్కిన. ఒప్పుకో, ఎంటనే పో అంటివి.

గప్పుడే నా నోరు జారింది. తోడువెట్టి చూడు పటేలా అంటి. బర్రె పాలైతే గడ్డ పెరుగైతయి, ఆడిదాని పాలు గట్ల పేరుకోవు అంటి. ఎందుకన్న ఆ మాట? కుడితిల పడ్డ ఎలుకోలె నా మాటల నేనే పడ్డ. నువ్వు సరే అంటివి. మీ ఇంట్ల నుంచి జర సల్ల తెప్పించి నా కండ్ల ముంగటనే ముంతల పోస్తివి. తెల్లారేదాక చూద్దాం, పేరుకోకుంటే ఇడిసిపెడ్త, అందాక ఈన్నే ఉండు అంటివి.

తెల్లారేదాకనా! తెల్లారితే నేను దొంగను కాదని తేలుతది, నాకెర్కే. అందాక నా పిల్ల ఆగుతదా? గది ఎవరికెర్క?

ఏందీ? మళ్ల చెప్పు. మా జొన్న చెలకనా?

పాల కోసం పట్టుకొచ్చినోనివి, చెలక ముచ్చటెందుకు తీస్తివి? తప్పు ఒప్పుకుంటే దండుగ కింద మా చెలక గడిల కలుస్తదా? ఓహో. గదా సంగతి. మా ఇంటాయన దొర బండి తోలుకొని మక్తల్ పోయినంకనే బాలస్వామికి మా ముంత కానొచ్చిందన్నట్టు.

ఆ చెలకల ఏరిన రాళ్లు ఒడ్డుకు ఎంత కుప్పున్నయో నువ్వు గూడ చూసినవు. మా మామ నాటి సంది ఏరుతనే ఉన్నరు. ఈయేడే జొన్న మంచిగ పట్టింది. ఆయనొస్తే ఏమంటడు? కొడ్తడేమో. కొట్టడు. పోయి ఆ రాళ్ల కుప్ప కాడ కూసుంటడు. కొట్టినా మంచిగుండు.

పొద్దు గూకుతాంది పటేలా.

అయితే విను. గడి బర్రెనే పిండిన. ఏ బర్రె అంటవా? నల్లది. గడిల అన్ని నల్లయే గదా, నీకు నచ్చినది చెప్పుకో. కొట్టంల ఎవరూ లేంది చూసి పిండిన, కొంగు కింద పెట్టుకొని తెచ్చిన. చాలునా? ఇంకేమన్న కలపాల్నా? నలుగుర్ల అనుమంటే అంట. బాలస్వామీ, నువ్వు గూడ విను. దొంగతనం చేసిన. చెలక తీసుకోండ్రి.

ఇగ లేవాల్నా?

ఆ ముంత నాకొద్దు. సల్ల పోసినంక పిల్లకు పనికి రాదు. ఆన్నే ఉండనీ. తెల్లారి చూస్తే పేరుకోకపోవచ్చు. గప్పుడు నన్ను మళ్ల పిలువకు.

మా అత్త వాకిట్లనే కూసోని ఉంటది. ఏమాయెనే అంటది. చెప్త. ముందుగాల పిల్లకు పాలియ్యనీ, అటెన్క చెప్త.