మొదటి ముద్దలో నెయ్యి

నూజివీడు మార్కెట్లో మామిడికాయలు దింపి, పెద్దాయన భోజన హోటల్లో వట్టి అన్నం, ఉడికించిన సొరకాయ పెట్టించుకున్నాడు. మొదటి ముద్ద మింగాక చెయ్యి ఆగిపోయింది. హోటలామెను పిలిచాడు.

"అన్నంలో ఏం కలిపావమ్మాయ్?"

"చెంచాడు నెయ్యే బాబాయ్. వట్టి అన్నం పెట్టడానికి చెయ్యి రాలేదు."

"నా ఒంటిమీది దద్దుర్లు దేనివల్లో తేలాలని డాక్టరు పాలూ నెయ్యితో సహా అన్నీ మాన్పించాడమ్మా. నలభై రోజులు. ఒక్కసారి తప్పినా మళ్లీ మొదటినుంచే."

"ఎన్నాళ్లయింది?"

"ముప్పై తొమ్మిది. ఎల్లుండి మా తోట మామిడిపండు తిని చూడమన్నాడు."

"అయ్యో! ఇంకో నలభై రోజులు ఓర్చుకోండి బాబాయ్."

"అప్పటికి చెట్టున కాయ ఉండదమ్మా."

ఆమె కంచం తీయబోయింది.

"ఉండనీ. ఎలాగూ పోయిందిగా. ఇంకాస్త నెయ్యి వెయ్యి."